మ్యూట్: నోరు మూయించేదా, నాదాన్ని వడకట్టేదా?

చప్పుళ్ళను శాస్త్రదృష్టితో పరిశీలించిన చరిత్ర వాంకూవర్ నగరానికి ఉన్నది. సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో ఆర్. మరీ షేఫర్ బృందం ఈ నగరపు ధ్వనులను సేకరించి 1973లో రికార్డులుగా వెలువరించింది. చప్పుడును అణచడంతో సరిపోదు, శ్రద్ధగా వినడం నేర్వాలన్నది షేఫర్ బోధ. ఇది ఇక్కడి తెలుగు గృహాలకూ వర్తిస్తుంది. పాఠశాల బ్యాండులో చేరిన బిడ్డ అపార్టుమెంటులో ట్రంపెట్ సాధన ఆరంభించగానే, ఇరుగుపొరుగుకు జంకి తల్లిదండ్రులు మ్యూట్ కొంటారు. దానితో సమస్య తీరినట్లే భావిస్తారు.

ఇత్తడి వాద్యంలో పెదవుల కంపనం గొట్టంలోని గాలిని కంపింపజేయగా, విప్పారిన చివర నుండి నాదం వెలువడుతుంది. ఆ చివరలో అమర్చే అల్యూమినియం లేక ఫైబరు బిరడాయే మ్యూట్. సాధారణమైన మ్యూటుకు మూడు కార్కు పట్టీలుంటాయి. వాటి నడుమ సందుల గుండా నాదం బయటపడుతుంది. అందులో మంద్రాంశం తగ్గి, తీక్షణాంశం మిగులుతుంది. రంగుటద్దం కాంతిని వడకట్టినట్లే ఇది నాదాన్ని వడకడుతుంది. సాధనకై చేసిన మ్యూట్ వేరు. దాని కార్కు చుట్టూ బిగిసి, గాలికి సన్నని దారి మాత్రమే మిగులుతుంది. చప్పుడు బాగా తగ్గుతుంది. కాని ఊదేటప్పుడు ఎదురు ఒత్తిడి పెరుగుతుంది, శ్రుతి చలిస్తుంది.

ఈ చిక్కు పాతదే. 1607 నాటి 'ఓర్ఫెయో' సంగీత నాటకంలో, ట్రంపెట్లకు మ్యూట్లు పెడితే ప్రారంభ ఘట్టాన్ని ఒక పూర్ణస్వరం హెచ్చుగా వాయించవలెనని మాంటెవెర్డి సూచించాడు. షడ్జం నుండి చతుశ్శ్రుతి రిషభానికి ఉన్నంత వ్యత్యాసమది! 1995లో యమహా సంస్థ మ్యూటులోనే మైకు అమర్చి, వాదకుడు తన నాదాన్ని హెడ్‌ఫోనులో వినే ఏర్పాటు చేసింది. వినికిడి మెరుగైనా, బిరడా బిరడాయే.

కనుక మ్యూటునే నిత్యసాధనగా చేయడం తగదు. చెవి చలించిన శ్రుతికీ, శ్వాస అసహజమైన ఒత్తిడికీ అలవాటు పడితే, వాటిని మాన్పించడం కష్టం. రాత్రివేళ మ్యూట్ పెట్టడం మర్యాద. పగటిపూట మాత్రం పొరుగువారితో ముందే మాట్లాడి, కొంతసేపైనా మ్యూట్ లేకుండా ఊదనివ్వాలి. అది వీలుకానిచోట పాఠశాల బ్యాండు గదిని అడగాలి. మ్యూట్ పెట్టినపుడల్లా ట్యూనరుతో శ్రుతి సరిచూసుకోవాలి.

పెళ్ళినాడు బ్యాండు మేళాన్ని ఊరంతటికీ వినిపించిన వారు, పొరుగింటి తలుపు తట్టి బిడ్డకు అరగంట అనుమతి అడగడానికి మొగమాట పడనక్కరలేదు.