మచ్చ ఎందుకు పడాలి?

గాయం మానినా మచ్చ పోదంటారు పెద్దలు. అసలు మచ్చ ఎందుకు పడాలని దశాబ్దాలుగా అడుగుతున్నారు అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ సర్జన్ మైఖేల్ లాంగేకర్. తొలి దశల్లో ఉన్న పిండం చర్మానికి గాయమైతే మచ్చ లేకుండా మానుతుంది. గొర్రె పిండాల్లో ఈ వింతను పరిశీలించడంతో ఆయన అన్వేషణ మొదలైంది.

2015లో ఆయన బృందం ఎలుకల వీపు చర్మంలో మచ్చకు కారణమయ్యే ఫైబ్రోబ్లాస్టు కణాల వంశాన్ని గుర్తించింది. గాయం దగ్గర కొలాజెన్ అనే ప్రోటీన్‌ను దట్టంగా పేర్చేవి ఇవే. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ గడ్డకు ఊతమిచ్చేవీ ఇవే. వీటిని తగ్గించినప్పుడు మచ్చతో పాటు గడ్డ పెరుగుదల కూడా తగ్గింది. గాయం మానడానికీ క్యాన్సర్‌కూ ఉన్న ఈ చుట్టరికమే మా ఈ సంచికకు ప్రేరణ.

చర్మం మీద పడే లాగుడు కూడా ఈ కణాలను మచ్చవైపు నడిపిస్తుంది. కంటి జబ్బుకు వాడే వెర్టెపోర్ఫిన్ మందుతో ఆ లాగుడు పంపే సంకేతాన్ని ఆపినప్పుడు ఎలుకల గాయాల్లో వెంట్రుకలు, గ్రంథులతో సహా చర్మం తిరిగి పెరిగిందని 2021లో ఆయన బృందం ప్రకటించింది.

ఎలుకలో ఫలించినదల్లా మనిషిలో ఫలించదు. అయినా ఈ పరిశోధన సాగాలి. కాలిన మచ్చ బిగుసుకుని మోచెయ్యి చాపలేని పిల్లలకు ఇది అందం సంగతి కాదు, బతుకు సంగతి. పాత కాలిన మచ్చలో ఏళ్ల తర్వాత క్యాన్సర్ పుట్టడం అరుదే కానీ, లేకపోలేదు. అలాంటి మచ్చ మీద మానని పుండు కనిపిస్తే నాటు పూతలతో కాలం గడపకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.

- సంపాదకుడు