ఎర్ర అక్షరాలు

2024 దసరాకు రాయికోడునుంచి మా మామ పట్నం వచ్చాడు. చార్మినారు చూస్తానంటే బయలుదేరదీశాను. దారిలో మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీం తినిపించాను. 1935 నాటి ఆ రాతి బజారు ఏళ్ళ తరబడి మసిబారి వుండేది. బాగుచేసి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. మామ గడియారంవంక చూసి, "మంచిగ జేసిండ్రు. దుకాణపోళ్ళు పాతోళ్ళేనా?" అన్నాడు.

"చాలామంది పాతవాళ్ళే."

"గట్లయితే సరే" అని ఇంకో కప్పు తెప్పించుకున్నాడు.

నయాపూల్ మీద మూసీ కథ చెప్పాను. 1908 సెప్టెంబరు 28న ఆ నది వేలమందిని పొట్టన బెట్టుకుంది. విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వెలిశాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి నాంపల్లి, సుల్తాన్‌షాహీలాంటి చోట్ల ఇరుకు బస్తీలు తీసేసి, పేదలకు గాలీ వెలుతురూ వచ్చే అద్దె ఇళ్ళు కట్టారు. పత్తర్‌గట్టీ కమానులూ ఆ బోర్డువే. నన్నడిగితే కమానులకంటె ఆ ఇళ్ళే గొప్పవి. కాని ఎవరైనా ఫొటో తీసేది కమానులనే గదా!

తిరుగుదారిలో చాదర్‌ఘాట్ దగ్గర నదివొడ్డుకు దిగాం. మూసీని బాగుచేసే పథకంకోసం, నదిగర్భంలో వున్నవని చాలా ఇళ్ళ గోడలమీద ఎర్రరంగుతో 'ఆర్.బి.ఎక్స్.' అని వ్రాశారప్పుడు. నేను ముక్కుకు రుమాలు అడ్డంపెట్టుకుని, "ఈ కంపులో, వరదభయంతో మనుషులుండాలా? వేరేచోట ప్రభుత్వం రెండు పడకగదుల ఇల్లిస్తానంటోంది" అని వాదన మొదలుపెట్టాను.

గుమ్మంలో కూర్చున్నావిడ విన్నది. "ఇల్లు మంచిగనే ఉంటదట సారూ. నేను మలక్‌పేటల నాలుగిండ్లల్ల అంట్లు తోముత. పొద్దుగాల ఆరింటికి ఆడికెళ్ళి ఎట్ల రావాలె?"

నా దగ్గర జవాబు లేదు. మామే అన్నాడు, "మిరపనారు బెట్టేటప్పుడు ముందుగాల కొత్తమడి తడుపుతం అల్లుడా, అటెన్క నారు పీకుతం. మీ పట్నంల ముందుగాలనే పీకుతరా?"

ఆ పథకం పటంలో నదీ, రోడ్లూ, తోటలూ గీస్తారు. ఆమె నాలుగిళ్ళను ఎవరు గీస్తారు?

ఇంటికి రాగానే మా ఆవిడనడిగాను, మన పనిమనిషి ఎక్కడినుంచి వస్తుందని.

"ఏమోనండీ, ఏనాడూ అడగలేదు" అన్నది.