హాజరుపట్టీల్లో ఉన్న సంగీతం

పిడుగురాళ్ల సున్నపు బట్టీలో ముప్పయ్యేళ్లు పద్దులు రాశాను. రాత్రిళ్లు నాటకాలకు హార్మోనియం వాయించాను. అందుకే అడుగుతున్నా: విజయనగరం సంగీత కళాశాల పాత రిజిస్టర్లను అక్షరం పోకుండా కాపాడాలి.

1919లో విజయరామ గజపతిరాజు పెట్టిన ఆ బడికి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. 1936లో ఆ బాధ్యత ద్వారం వెంకటస్వామినాయుడికి వచ్చింది. మధుకరం ఎత్తుకుంటూ ఘంటసాల చదివిందీ అక్కడే. ఈ పేర్లు అందరికీ తెలుసు. వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకుని, తర్వాత పల్లెల్లో పిల్లలకు సరళీస్వరాలు చెప్పినవాళ్లెవరు? ప్రవేశాల పుస్తకం, హాజరుపట్టీ తప్ప వాళ్లకు చరిత్ర లేదు.

మా గురువుగారి సర్టిఫికెట్ నకలు కోసం ఓ ఆఫీసుకు వెళితే చెదలు పట్టిన కట్ట చూపించారు. ఆయన పేరున్న పేజీ నా చేతిలోనే పొడైపోయింది. కళాశాల రిజిస్టర్లకూ ఆ గతి పట్టకుండా ప్రభుత్వం ఈ ఏడాదే వాటి స్కానింగ్ మొదలుపెట్టాలి. ఆ నకళ్లు మా ఊరి గ్రంథాలయంలోనూ చూడగలగాలి.