ఊడ్చేది మేం, కూర్చునేది మీరా?

మా టౌన్లో బస్టాండు వెనకాల మున్సిపాలిటీ వారి కమ్యూనిటీ హాలుంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, షష్టిపూర్తులు, కులసంఘాల మీటింగులు అన్నీ అందులోనే. తెల్లారేసరికి ఆ హాలు ఊడ్చేది మా పేట ఆడవాళ్లు. ఎంగిలాకులు ఎత్తేదీ వాళ్లే. మొన్న వాళ్లలో ఒకామె తన కూతురి పెళ్లికి హాలడిగింది. అద్దె డబ్బులు కొంగున ముడేసుకుని మరీ వెళ్లింది. ఆ తేదీ బుక్కయిందన్నారు. ఇంకో తేదీ చెప్పింది. అదీ బుక్కేనట. మూడోసారికి అసలు మాట బయటపడింది: "మీ పేటలో మీకు హాలు కట్టించాం గదమ్మా, ఇక్కడికెందుకు?"

ఆమె అడిగిన మొదటి తేదీన మేం పోయి చూశాం. హాలుకు తాళం. పెళ్లీ లేదు, పేరంటమూ లేదు. ఊడవడానికి రోజూ ఆమె చేతికిచ్చే తాళంచెవి, కూతుర్ని పీటల మీద కూర్చోబెట్టడానికి మాత్రం ఇవ్వరన్నమాట!

ఇక మా పేట హాలు. ఎస్సీల పేరున వచ్చిన డబ్బుతో కట్టారు. ఒక్క గది, రేకుల వరండా. కుళాయి లేదు, కరెంటు లేదు. ఎన్నికలప్పుడు పోలింగు బూతు, మిగతా రోజుల్లో కాంట్రాక్టరు సిమెంటు బస్తాల గోడౌను. నూరుమంది కూర్చుంటే ఊపిరాడదు. దాన్ని చూపించి ఊరి హాలు తలుపు మూస్తున్నారు. హోటల్లో రెండు గ్లాసులు పెట్టినట్టే టౌన్లో రెండు హాళ్లు పెట్టారు. శంకుస్థాపన నాడు కొబ్బరికాయ మా పెద్దల చేతే కొట్టించారు. మేమూ చప్పట్లు కొట్టాం. ఆ తప్పు మాది, ఒప్పుకుంటున్నాం.

పేట హాలు వద్దనడం లేదు. దాన్ని బాగుచేసి తీరాలి. కానీ ఊరి హాలూ మాదే.

ఇది మేం దయ చూపమని అడిగేది కాదు. సర్కారు డబ్బుతో నడిచే చోట కులం పేరున ఎవర్నీ ఆపకూడదని రాజ్యాంగం 15(2) చెప్తోంది. 1955 పౌరహక్కుల చట్టం 4వ సెక్షను ప్రకారం అలా ఆపడం నేరం. అదే చట్టం 12వ సెక్షను మనవాళ్లు చాలామందికి తెలీదు: ఆపింది ఎస్సీ మనిషినైతే, అంటరానితనంతోనే ఆపారని కోర్టు అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆపినవాడే. 2016 జనవరి 26న అమల్లోకొచ్చిన అట్రాసిటీ చట్టం సవరణలోనూ బహిరంగ స్థలాల్లోకి రాకుండా అడ్డుకోవడం నేరమే, అయిదేళ్ల దాకా జైలు.

"చట్టముందిగా, అదే చూసుకుంటుంది" అంటారు మనలో చదువుకున్నోళ్లు. మహద్ చెరువు అందరిదీ అని అక్కడి మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం రాసుకుంది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి దోసిలి పట్టేదాకా అది ఉత్త కాయితమే. తాగింతర్వాత, ఆ ఏడాది ఆగస్టులో, అదే మున్సిపాలిటీ ఆ తీర్మానం రద్దు చేసుకుంది! కాయితం వాళ్ల చేతిలో ఉన్నన్నాళ్లూ అంతే.

అందుకే ఈసారి కాయితం మన చేతిలో ఉండాలి. హాలు నోటిమాటగా అడగొద్దు. దరఖాస్తు రెండు కాపీలు రాయండి, తేదీ వేయండి. లేదంటే, లేదని రాసిమ్మనండి. మూడేళ్ల బుకింగు రిజిస్టరు నకలు సమాచార హక్కు కింద అడగండి. ఎవరెవరికిచ్చారో, ఏ పేటకు ఇవ్వలేదో అందులోనే ఉంటుంది. ఆ పెళ్లికూతురి తల్లి మళ్లీ దరఖాస్తు పెడుతోంది. ఆమె ఒక్కత్తే పోదు, పేటంతా పోతాం. చుట్టుపక్కల పల్లెల వాళ్లూ రండి. రెండో కాపీ మీద ముద్ర పడందే కౌంటరు దగ్గర్నుంచి ఎవరూ కదలొద్దు.