మందకుక్క బొచ్చు, కాపరి లెక్క

మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల కాపరిని ఏ పొట్టేలు ఎంత తూగుతుందని అడిగితే, నడుము మీద చెయ్యి వేసి చూచి, కిలోకు అటూ ఇటూగా చెప్పగలడు. ఏ గొర్రె ఎన్ని ఈతలు ఈనింది, ఏ పిల్లకు ఏ నెలలో పాలు మాన్పించినది, అన్నీ అతనికి కంఠోపాఠమే. కాని ఆ మందను రాత్రింబగళ్ళు కాచే కుక్క ఏమి తింటున్నదని అడిగితే మాత్రం వచ్చే జవాబు ఒక్కటే: “మిగిలిందేదో తింటది సార్.” నాకు అభ్యంతరం ఈ జవాబు మీదనే.

గత సంవత్సరం వానల చివర కంది చేలు చూడడానికి ఉదయగిరి నుండి ఆత్మకూరు వచ్చే దారిలో ఒక గ్రామానికి వెళ్ళాను. చేని గట్టున మంద ఆగి ఉన్నది. తెల్లని పల్ల రకం గొర్రెలు, మధ్యలో నాలుగైదు మూతి నల్లని జోడిపులు. ఒక్కొక్కటి నిగనిగలాడుతున్నది. మన దేశపు గొర్రె జాతులలో అన్నిటికంటె పొడవైనది మన నెల్లూరు గొర్రె. ఆ మందను చూస్తే ఆ పేరు ఊరికే రాలేదనిపించింది. వాటి పక్కన పడుకొని ఉన్న కుక్క మాత్రం ఎండిన చొప్ప కట్ట వలె ఉన్నది. పిలిస్తే తోక ఊపుతూ వచ్చింది. వీపు నిమిరితే చేతికి పొట్టు రాలింది. ముసలిదయిందా అని అడిగాను.

“యాడ సార్, నాలుగేండ్లు గూడా నిండలా. ఈ జాతే అంత, నిగనిగలాడదు” అన్నాడు ఆ పెద్దాయన.

జాతి అంత కాదు, మేత అంత. నేను పశువైద్యుణ్ణి కాను. బి.ఎస్సీ. వ్యవసాయం చదివి చేల వెంట తిరిగేవాణ్ణి. కాని ఆకు రంగు చూచి మొక్కకు ఏమి తక్కువయినదో ఊహించడం మా పని. కుక్క బొచ్చు కూడా అటువంటి ఆకే.

వెంట్రుక దాదాపు అంతా మాంసకృత్తులే. దానికి నునుపు, మెరుపు ఇచ్చేది చర్మంలో ఊరే జిడ్డు. ఆ జిడ్డుకు, చర్మం బిగువుకు లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం కావలెను. దీనిని కుక్క శరీరం తనంతట తాను తయారు చేసుకొనలేదు, తిండిలోనే రావలెను. ఇక మన మందకుక్క తిండి ఏమిటి? పొద్దున గంజి, రాత్రి సంగటి ముద్ద, దొరికితే కాస్త పులుసు నీళ్ళు. 100 గ్రాముల రాగులలో మాంసకృత్తులు 7 గ్రాములకు అటూ ఇటూ, కొవ్వు సుమారు ఒకటిన్నర గ్రాము. బియ్యంలో కొవ్వు ఇంకా తక్కువ. ఆ తిండితో కుక్క కడుపు నిండుతుంది, పరుగెత్తుతుంది, మొరుగుతుంది కూడా. శరీరం ఉన్న కాస్త మాంసకృత్తులను ముందు ప్రాణావసరాలకు వాడుకొంటుంది. బొచ్చు వంతు చివరకు గాని రాదు.

జింకు సంగతి కూడా చెప్పవలెను. వరిలో జింకు లోపం మన రైతులకు కొత్త కాదు. ఆకు మీద తుప్పు మచ్చలు రాగానే పిచికారీకి పరుగెత్తుతారు. అనేకసార్లు నేలలో జింకు ఉండనే ఉంటుంది, సున్నం, భాస్వరం ఎక్కువయి మొక్కకు అందదు. కుక్క కడుపులోనూ అదే తంతు. ధాన్యాల పై పొరలలోని ఫైటిక్ ఆమ్లం జింకును పట్టి ఉంచుతుంది. వట్టి సంగటి మీద బ్రతికే కుక్కకు బొచ్చు పెళుసెక్కడం, కళ్ళ చుట్టూ, మూతి చుట్టూ చెక్కులు కట్టడం ఇందువలన కూడా కావచ్చును. పులియబెట్టిన అంబలిలో ఈ ఆమ్లం కొంత విరుగుతుంది. కనుక తాజా సంగటి కంటె పులిసిన అంబలి ఈ విషయంలో మేలు. మన పెద్దలు కుక్క కోసం పులియబెట్టలేదు గాని, ఫలితం దానికీ అందుతున్నది.

చేయవలసినది చాలా తక్కువ. సంగటి మాన్పించమని నేను చెప్పడం లేదు. 20 కిలోల కుక్కకు రోజుకు 2 చెంచాల నువ్వుల నూనె గాని, వేరుసెనగ నూనె గాని, పొద్దుతిరుగుడు నూనె గాని సంగటిలో కలిపితే చాలును. మొదటి వారం అర చెంచాతో మొదలుపెట్టవలెను. ఒక్కసారిగా పోస్తే విరేచనాలు పట్టుకొంటాయి. కొబ్బరి నూనెలో లినోలిక్ ఆమ్లం తక్కువ కనుక ఈ పనికి అది సరిపోదు. రోజు విడిచి రోజు ఒక ఉడికించిన గుడ్డు ఇవ్వవలెను. పచ్చి గుడ్డు బలమని కొందరంటారు. పచ్చి తెల్లసొన బయోటిన్ అనే విటమినును కుక్కకు అందనీయదు, ఆ విటమిను కావలసినది చర్మానికీ, బొచ్చుకే. గుడ్డు లేని రోజున మజ్జిగ, ఉడికిన పప్పు కలిపినా మంచిదే. తీరం నుండి వచ్చే ఎండు చేపలు చవకగా దొరికితే ఉప్పు పోయేటట్లు నానబెట్టి, కడిగి, ఉడికించి పెట్టవచ్చును. ఉల్లిపాయలు వేసిన కూర మాత్రం వద్దు, కుక్క రక్తానికి అవి చెరుపు. బూజు పట్టిన వేరుసెనగ పిండిని గొర్రెలకు పనికిరాదని పక్కన పెట్టి కుక్కకు వేయడం నేను కళ్ళారా చూచాను. ఆ బూజు విషం కుక్క కాలేయాన్ని తినివేస్తుంది. అది ఎవరికీ వేయరాదు, పూడ్చవలెను.

కొత్త వెంట్రుక పెరగవలెను కనుక 6 నుండి 8 వారాలు ఓపిక పట్టవలెను. యూరియా వేసిన మూడో నాటికి ఆకు పచ్చబడినట్లు ఇది జరగదు.

పై సంరక్షణ తరువాతి మాట. బట్టల సబ్బుతో వారం వారం రుద్దితే ఉన్న జిడ్డు కాస్తా పోతుంది, చర్మం ఇంకా పగులుతుంది. నెలకొక స్నానం చాలును. దానికి బదులు రోజుకు ఐదు నిమిషాలు కొబ్బరి పీచుతో గాని, బ్రష్షుతో గాని వెంట్రుక వాలు వెంట దువ్వవలెను. చచ్చిన వెంట్రుకలు రాలిపోయి చర్మపు జిడ్డు బొచ్చంతా పరచుకొంటుంది. కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కే పనితనం ఉదయగిరికి ఉన్నది. వెడల్పు పళ్ళ కొయ్య దువ్వెన ఒకటి చెక్కించుకొంటే ఏండ్ల తరబడి మన్నుతుంది. దువ్వేటప్పుడే చెవుల లోపల, వేళ్ళ సందులలో పిడుదులు వెదకి తీయవలెను. పిడుదులు రక్తం పీల్చడమే కాదు, కుక్కకు జ్వరం తెచ్చే క్రిములను కూడా ఎక్కిస్తాయి. చిగుళ్ళు తెల్లబడినా, ముక్కు వెంట రక్తం కారినా వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకుపోవలెను.

చేలకు వాడే పురుగుమందు నీళ్ళలో కలిపి కుక్క మీద పోసే అలవాటు కొన్ని ఊళ్ళలో ఉన్నది. కుక్క తన ఒంటిని తానే నాకుతుందన్న సంగతి మరచి చేసే పని అది. కిరోసిను, కాలిన ఇంజను నూనె కూడా అంతే. గొర్రెలకు వాడే సూదిమందును అందాజు మీద కుక్కకు పొడవడం మరొక తప్పు. గజ్జి ఉంటే డాక్టరు చూచి మోతాదు చెప్పవలసినదే.

ఇంతవరకు చెప్పినది కుక్క మేలు కోసం. ఇక మంద సంగతి. గొర్రె చచ్చినా, పండుగకు కోసినా, కార్జంలో, ఊపిరితిత్తులలో నీటి బుడ్డలు కనబడితే ఆ ముక్క కోసి కుక్కకు విసరుతారు. తలకాయ కూడా పచ్చిగానే దానికి పోతుంది. ఆ బుడ్డలలో ఉన్నది బద్దె పురుగు పిల్ల. కుక్క కడుపులో అది పెరిగి గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లు పెంటతో బీడు మీద పడతాయి, గొర్రె గడ్డితో పాటు వాటిని మేస్తుంది. ఒక రకపు పురుగు గొర్రె మెదడుకు చేరి బుడ్డ కడుతుంది. తల ఒక పక్కకు వాల్చి, మందను విడిచి, ఒకే వైపు గుండ్రంగా తిరిగి తిరిగి చచ్చే గొర్రెను చూడని కాపరి ఉండడు. దానిని గాలి సోకిందని దిష్టి తీస్తారు. గాలి కాదు, నిన్న కుక్కకు వేసిన తలకాయ.

మరొక రకం పురుగు మనిషినీ వదలదు. కుక్క పేగులో అది ఒక సెంటీమీటరు కూడా ఉండదు, దాని గుడ్లు కుక్క బొచ్చుకు అంటుకొని ఉంటాయి. కుక్కను నిమిరిన చేత్తో అన్నం తిన్న బిడ్డకు ఏండ్లు గడచిన తరువాత కాలేయంలో బుడ్డ బయటపడి, కోత వరకు రావచ్చును. ఇక్కడ ఒక జాగ్రత్త. ఏలిక పాములు, కొంకి పురుగులు ఎక్కువయితే బొచ్చు కళ తప్పుతుంది గాని, ఈ చిన్న పురుగు ఉన్న కుక్క నిగనిగలాడుతూనే ఉండవచ్చును. బొచ్చు బాగున్నదని మందు మానరాదు. గొర్రెలు విస్తారంగా ఉన్న న్యూజిలాండులో 1959లో దీనికోసం చట్టమే చేసి, కుక్కలకు మందు, పచ్చి పేగులు వేయడంపై కట్టడి పట్టుదలగా సాగించి, 2002 నాటికి ఆ దేశం ఈ జబ్బు నుండి దాదాపు బయటపడినట్లు ప్రకటించుకొన్నది. మనకు చట్టం కంటె ముందు ఒక కుండ కావలెను. లోపలి భాగాలను అరగంటకు పైగా మరిగించి వేయడమో, కుక్క తవ్వలేనంత లోతున పూడ్చడమో చేయవలెను. ప్రాజిక్వాంటెల్ మాత్ర తూకం ప్రకారం మూడు నెలలకొకసారి, పచ్చి మాంసం దొరికే కుక్కకు ఆరు వారాలకొకసారి, డాక్టరు చెప్పినట్లు వేయవలెను. మాత్ర వేసిన తరువాత రెండు మూడు రోజుల పెంట ఎత్తి పూడ్చవలెను. పిచ్చికుక్క వ్యాధి టీకా ఏటేటా ఎలాగూ తప్పదు.

కడుపు నిండిన కుక్క నిద్రపోతుంది, కాపలా కాయదని ఒక వాదం ఉన్నది. వెలిగొండల అంచున నక్క, తోడేలు, అప్పుడప్పుడు చిరుత తిరిగే చోట బలహీనమైన కుక్క ఎంత సేపు నిలబడగలదో వాదించేవారే చెప్పవలెను. ఆకలి కుక్క కాపలా విడిచి ఊరి పెంటకుప్పకు పోతుంది, చచ్చిన గొర్రెను తవ్వి తింటుంది, ఒక్కొక్కసారి ఈనిన గొర్రె మాయ కోసం పిల్ల దగ్గరకే వస్తుంది. ఈ మాట కాపరులే నాకు చెప్పారు.

తప్పు కాపరులదే అనను. రైతు సమావేశాలలో నేనూ పొట్టేలు మేత గురించి, పశుగ్రాసపు విత్తనాల గురించి మాట్లాడాను గాని, కుక్క పేరు ఒక్కసారీ ఎత్తలేదు. అది మా శాఖ పని కాదనుకొన్నాను. కోతలయిన తరువాత డెల్టా వరి మళ్ళలో మంద కట్టించుకొనే రైతుకు ఎరువు ఇచ్చేది గొర్రె అయినా, రాత్రి ఆ మందకు కాపు ఉండేది ఈ కుక్కే కదా.

ఆ కంది చేని పెద్దాయన నా మాట సగమే విన్నాడు. నూనెకు ఒప్పుకొన్నాడు, గుడ్డుకు ఒప్పుకోలేదు. “ఇంట్లో పిల్లోళ్ళకే రోజూ గుడ్డు లేదు సార్” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేక మజ్జిగ, పప్పు అని సర్దుకొన్నాను. రెండు నెలలకు మళ్ళీ ఆ దారిన పోతే కుక్క వీపున కొత్త బొచ్చు గోధుమ రంగున తేలింది, తోక దగ్గర మాత్రం ఇంకా పాతదే. కాపరి దాన్ని చూపి ఏమీ అనలేదు. మాత్రలు ఊళ్ళోనే దొరుకుతాయా, ఆత్మకూరు పోవాలా అని మాత్రం అడిగాడు.