మెయిల్ అంటే పోస్టర్ కాదు బాబూ

ఫెస్ట్ సీజన్ రాగానే మన కాలేజీ మెయిల్ ఐడీకి వచ్చే మెయిల్స్ చూడండి. సబ్జెక్ట్ లైన్‌లో నాలుగు నిప్పు ఎమోజీలు, లోపల ఒకే ఒక్క బొమ్మ. ఈవెంట్ పేరు, తేదీ, హాలు, రిజిస్ట్రేషన్ లింకు, కోఆర్డినేటర్ ఫోన్ నంబరు అన్నీ ఆ బొమ్మలోనే. ఇన్‌స్టా కోసం చేసిన పోస్టర్‌ని అలాగే తెచ్చి మెయిల్‌లో పడేస్తున్నారన్నమాట. మన క్లబ్బులే కాదు, కోచింగ్ సెంటర్లు, ఇంటర్న్‌షిప్ ఇస్తామనే కంపెనీలు, చివరికి చీరల షాపులు కూడా ఇదే పద్ధతి. సూటిగా చెప్పేస్తా: ఇది బద్ధకం. పైగా దీనివల్ల కొంతమంది నిజంగానే నష్టపోతున్నారు.

బొమ్మలో రాసిన లింకుని నొక్కలేం. క్యూఆర్ కోడ్ పెట్టాం కదా అంటారు. మెయిల్‌ని ఫోన్‌లో చూస్తున్నవాడు అదే ఫోన్‌తో ఆ కోడ్‌ని ఎలా స్కాన్ చేయాలి, అద్దం ముందు నిలబడా? స్క్రీన్‌షాట్ తీసి, వేరే యాప్‌లో తెరిచి చేయొచ్చు, నిజమే. అంత ఓపిక ఉన్నవాడు ఎలాగూ మీ ఈవెంట్‌కి వస్తాడు. రానివాళ్ల కోసమే కదా మెయిల్ పంపేది.

అక్షరాల సైజు ఇంకో బాధ. 1080 పిక్సెళ్ల వెడల్పుతో చేసిన పోస్టర్‌లో 24 సైజులో రాసిన లైను, 360 వెడల్పు ఉన్న ఫోన్ స్క్రీన్‌లోకి వచ్చేసరికి మూడో వంతు అయిపోతుంది. అంటే 8. లాప్‌టాప్‌లో జూమ్ చేసి డిజైన్ చేసేవాడికి ఇది కనపడదు. ముఖ్యమైన తేదీ ఎప్పుడూ పోస్టర్ అడుగునే ఉంటుంది, అదేం శాపమో మరి.

అసలు బొమ్మే లోడ్ అవ్వకపోతే? అవుట్‌లుక్ బయటినుంచి వచ్చే చిత్రాల్ని మనం ఒప్పుకునేదాకా ఆపి ఉంచుతుంది. జీమెయిల్ 2013 డిసెంబరు నుంచి చిత్రాల్ని తన సర్వర్ల గుండా తెచ్చి చూపిస్తోంది కాబట్టి మనకి ఆ ఇబ్బంది తెలియదు. కానీ హాస్టల్ వైఫై రాత్రి తొమ్మిదింటికి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి రెండు ఎంబీల పోస్టర్ గురించి నేను చెప్పక్కర్లేదు. తెల్లటి డబ్బా, మూలన విరిగిన బొమ్మ గుర్తు, అంతే కనిపించేది.

మెయిల్‌లో బొమ్మలే వద్దని నేను అనట్లేదు. 1992లో నథానియల్ బోరెన్‌స్టెయిన్, నెడ్ ఫ్రీడ్ కలిసి మైమ్ అనే పద్ధతి తేకపోతే ఈమెయిల్ ఉత్త ఇంగ్లీష్ అక్షరాల దగ్గరే ఆగిపోయేది. ఆ ఏడాది మార్చిలో బోరెన్‌స్టెయిన్ పంపిన మెయిల్‌లో తన పాటల బృందం ఫొటో, వాళ్లు పాడిన పాట ఉన్నాయి. ఆ ఫొటో అక్కడ ఎందుకుందో ఎవరికైనా అర్థమవుతుంది, నలుగురు మనుషుల మొహాల్ని అక్షరాల్లో పంపలేం. బొమ్మ ఉండాల్సింది అలాంటిచోట. తేదీని, టైముని, ఫీజుని ఎవరైనా అక్షరాల్లోనే పంపగలరు.

2006 ప్రాంతంలో స్పామ్ పంపేవాళ్లు ఒక ట్రిక్ కనిపెట్టారు. ఫిల్టర్లు పదాల్ని చూసి పట్టుకుంటున్నాయని, షేర్లు కొనండి అనే సందేశం మొత్తాన్ని బొమ్మగా మార్చి పంపారు. అప్పట్నుంచి అక్షరం ముక్క లేకుండా ఒక్క బొమ్మతో వచ్చే మెయిల్ అంటే ఫిల్టర్లకి కొంచెం అనుమానమే. మన సాంస్కృతిక సాయంత్రం ఆహ్వానం కూడా ఆ వేషంలోనే బయల్దేరుతోంది.

ఇవన్నీ చిరాకులే అనుకోండి. అసలు నష్టం వేరే ఉంది. మా హాస్టల్‌లో ఒక సీనియర్ అన్న ఉన్నాడు, చూపు చాలా తక్కువ. ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుని అన్నీ వింటాడు, మనం చదివే స్పీడు కంటే ఎక్కువ స్పీడులో. పోయిన సెమిస్టర్‌లో ఒక కంపెనీ నుంచి ఇంటర్న్‌షిప్ మెయిల్ వచ్చింది. టాక్‌బ్యాక్ అతనికి చదివి వినిపించింది ఫైల్ పేరు ఒక్కటే, “ఫైనల్ ఫైనల్ టూ” అని. ఏదో ప్రకటనలే అని వదిలేశాడు. రెండు రోజుల తర్వాత రూమ్మేట్ చెప్తే తెలిసింది, గడువు ముందురోజు రాత్రే అయిపోయింది. “మెయిల్ వచ్చిందిరా, అందులో ఏముందో మాత్రం రాలేదు” అన్నాడు, నవ్వుతూనే. ఆ కంపెనీ హెచ్‌టీఎంఎల్‌లో ఆల్ట్ అనే చోట ఒక్క వాక్యం రాసుంటే సరిపోయేది. ఫస్టియర్‌లోనే చెప్పే పాఠం అది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ మీడియాలోని సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలనే చెబుతోంది. చట్టం దాకా ఎందుకు గానీ, పక్క రూములో ఉన్నవాడు గుర్తుంటే చాలు.

ఇప్పుడు మన తెలుగు సంగతి. తెలుగుని బొమ్మ చేసి పంపడం మనవాళ్లకి పాత అలవాటు, దానికి కారణం కూడా ఉంది. ఒకప్పుడు డీటీపీ అంతా అను ఫాంట్లలో జరిగేది. అందులో టైప్ చేసింది ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పిచ్చి గుర్తుల్లా కనిపించేది, అందుకని జేపెగ్ చేసి పంపడమే క్షేమం. అప్పుడు అది తెలివైన పనే. ఇప్పుడు అవసరం ఏముంది? యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. ఆండ్రాయిడ్‌లో నోటో, విండోస్‌లో నిర్మలా, ఐఫోన్‌లో కోహినూర్, ఏ ఫోన్ తీసినా తెలుగు ఫాంట్ అందులోనే ఉంటుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు. వెయ్యి గుర్తుల ఆహ్వానం రాసినా మూడు కేబీ చుట్టుపక్కలే. అదే ఆహ్వానం పోస్టర్‌గా రెండు ఎంబీ.

నేను ఒకటో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియమే. కొన్ని తెలుగు మాటలు నాకు ఇప్పటికీ అర్థం కావు. అక్షరాలుగా ఉంటే కాపీ చేసి నిఘంటువులో వెతుక్కుంటా, మెయిల్‌బాక్స్‌లో వెతుక్కుంటా, ఫోన్ చేత చదివించుకుంటా. బొమ్మలో ఉంటే ఊరికే చూస్తూ కూర్చోవాలి. కవిసమ్మేళనం ఆహ్వానంలో “అవధానం” అనే మాటని అందంగా వంకీలు తిప్పి రాశారనుకోండి, దాని అర్థం వెతకాలంటే ముందు ఆ మాటని నేనే టైప్ చేయాలి. మనలాంటివాళ్ల కోసమే తెలుగు క్లబ్ నడుపుతూ, మనకి పనికొచ్చే రూపంలో తెలుగు పంపకపోతే ఎలా?

“అయితే అందం పోదా?” అని మా డిజైన్ టీమ్ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు జీమెయిల్‌లో అక్షరాలుగా రావు, అది బయటి ఫాంట్లని రానివ్వదు. కాబట్టి క్లబ్ పేరు వరకూ బొమ్మగా పెట్టుకోండి, బాగుంటుంది. నల్లక్షరాలతో వెనక పారదర్శకంగా ఉండే లోగో మాత్రం పెట్టకండి, డార్క్ మోడ్‌లో మాయమైపోతుంది. పోయినేడాది నాటకంలో దుర్యోధనుడు గద ఎత్తిన ఫొటో ఒకటి పెట్టండి, పది లైన్ల వర్ణన కంటే అదే లాగుతుంది జనాన్ని. టీషర్ట్ అమ్ముతుంటే టీషర్ట్ ఫొటో ఉండాల్సిందే. ఏ బ్లాక్ వెనక ఏ హాలో చూపించే మ్యాప్ కూడా. మిగతాదంతా కింద మామూలు అక్షరాల్లో రాయండి.

ఒక చిన్న పక్కమాట. కొన్ని సంస్థలు మెయిల్‌లో కంటికి కనపడని ఒక్క పిక్సెల్ బొమ్మ కూడా పెడతాయి, మీరు మెయిల్ తెరిచారో లేదో తెలుసుకోడానికి. 2021లో యాపిల్ ఐఓఎస్ 15లో మెయిల్ యాప్ చిత్రాల్ని ముందే దించేయడం మొదలుపెట్టాక ఆ లెక్కలు సగం అబద్ధం అయ్యాయి. మన క్లబ్ అలాంటివాటి జోలికి పోకపోవడమే మర్యాద.

వచ్చే నెల ఆహ్వానం పంపేవాళ్లకి ఒక్క పని చెప్తా. జీమెయిల్ సెట్టింగ్స్‌లో, బయటి చిత్రాలు చూపే ముందు అడగమనే ఆప్షన్ ఉంది. అది ఆన్ చేసి, మీ మెయిల్ ముందు మీకే పంపుకోండి. ఆ తెల్ల డబ్బా చూసి ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి చెప్పగలిగితే అందరికీ పంపండి.