ముప్పై తొమ్మిదికీ పదిహేనుకీ మధ్య

హైదరాబాద్‌లో ఒకే ఏడాది ఆరేసి కోట్ల రూపాయలు చేతికొచ్చిన ముగ్గురిని ఊహించుకుందాం. మొదటామె ఓ బహుళజాతి కంపెనీకి ఇక్కడి అధిపతి. ఆమెకు ఆరు కోట్లూ జీతమే. కొత్త పన్ను విధానం ప్రకారం ఆమె కట్టాల్సింది దాదాపు 2 కోట్ల 28 లక్షలు. జీతం ఖాతాలో పడకముందే టీడీఎస్ కింద అది పోతుంది. రెండో ఆయన ఏడాదికి పైగా అట్టిపెట్టుకున్న లిస్టెడ్ షేర్లు అమ్మి ఆరు కోట్ల లాభం చూశాడు. ఆయన కట్టేది 90 లక్షల లోపే. మూడో ఆయన మున్సిపాలిటీ హద్దుకు చట్టం చెప్పిన దూరానికి అవతల, అంటే జనాభాను బట్టి 2 నుంచి 8 కిలోమీటర్లు దాటాక ఉన్న సాగుభూమి అమ్మాడు. ఆయన లాభమూ ఆరు కోట్లే, పన్ను మాత్రం సున్నా. ఈ ముగ్గురూ ఒకే గేటెడ్ కమ్యూనిటీలో ఉండొచ్చు. ఒకే ఆడిటర్ దగ్గరికి వెళుతూ ఉండొచ్చు కూడా.

ధనవంతుల మీద పన్ను పెంచాలా అనే చర్చ మన దగ్గర ఈ ముగ్గురినీ ఒకే మూటగా కట్టి మొదలవుతుంది. అందుకే అది ఎక్కడికీ చేరదు. పెంచాలన్నదే నా అభిప్రాయం కూడా. అయితే పెంచడమంటే పై శ్లాబు రేటు పెంచడమనే అనుకుంటే దెబ్బ తగిలేది మొదటామెకే. మిగతా ఇద్దరికీ ఆ సంగతి పేపర్లో చదివితే తప్ప తెలియదు.

లెక్క చూడండి. జీతం మీద గరిష్ఠ రేటు 30 శాతం. ఆదాయం రెండు కోట్లు దాటితే ఆ పన్ను మీద 25 శాతం సర్‌చార్జి, ఆపైన 4 శాతం సెస్. అన్నీ కలిపితే చివరి రూపాయిలో 39 పైసలు ప్రభుత్వానికి. షేర్ల దీర్ఘకాలిక లాభం మీద మూల రేటే 12.5 శాతం. ఆదాయం ఎన్ని కోట్లయినా దాని మీద సర్‌చార్జి 15 శాతం దగ్గర ఆగిపోతుంది. సెస్‌తో కలిపి 14.95 శాతం. ఈ మాత్రం కూడా ఇటీవలి మాటే. 2004 అక్టోబరు నుంచి 2018 మార్చి వరకు స్టాక్ మార్కెట్లో అమ్మిన షేర్ల దీర్ఘకాలిక లాభం మీద పన్నే లేదు. దేశంలో ఐటీ కంపెనీల విలువ ఇంతలంతలైన కాలం అది.

రేటు పెంచితే ఎవరు తప్పించుకుంటారో తెలుసుకోవడానికి 2019 చాలు. ఆ ఏడాది జులై బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఐదు కోట్లు దాటిన ఆదాయాల మీద సర్‌చార్జిని 37 శాతానికి పెంచారు. గరిష్ఠ రేటు 42.74 శాతానికి చేరింది. మార్కెట్లు పడ్డాయి, విదేశీ మదుపరులు అలిగారు. ఆగస్టులోనే షేర్ల లాభాలకు ఆ పెంపు వర్తించదని ప్రకటన వచ్చింది. జీతానికి, వ్యాపార లాభానికి మాత్రం అది అలాగే ఉండిపోయింది. 2023లో కొత్త విధానంలో దాన్ని 25 శాతానికి దించేవరకు ఆ భారం మోసింది జీతగాళ్లూ వృత్తి నిపుణులే. మధ్యలో, 2019 సెప్టెంబరులో, కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. దానివల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్ల రాబడి వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది.

షేర్ల వైపు వాదనలో న్యాయం లేకపోలేదు. కంపెనీ తన లాభం మీద ఒకసారి పన్ను కట్టాకే అది వాటాదారు దాకా వస్తుంది, మళ్లీ పూర్తి రేటు వేస్తే ఒకే డబ్బు మీద రెండుసార్లు వసూలు చేసినట్టని వాళ్లంటారు. కొంతవరకు నిజమే. కానీ షేరు ధర పెరగడమంటే కంపెనీ పన్ను కట్టి దాచిన లాభం పెరగడం ఒక్కటే కాదు. రేపు వస్తుందనుకున్న లాభాన్ని ఈరోజే ధర కట్టి అమ్ముకోవడం అందులో పెద్ద భాగం. ఆ రేపటి లాభం మీద ఇంకా ఎవరూ ఏ పన్నూ కట్టలేదు. పైగా అసలైన సంపన్నుడు షేర్లు అమ్మనే అమ్మడు. తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంటాడు. అప్పు ఆదాయం కాదు కాబట్టి పన్నుండదు. ప్రమోటర్లు షేర్లు కుదువపెట్టడమంటే ఏమిటో తెలుగు పాఠకులకు 2009లో సత్యం కుప్పకూలినప్పుడే తెలిసింది. అక్కడది కుంభకోణంలో భాగం. మామూలు రోజుల్లో అది పూర్తిగా చట్టబద్ధం.

మన పాలకులకు ఈ సంగతి తెలియక కాదు. 1956లో కేంబ్రిడ్జి ఆర్థికవేత్త నికొలస్ కాల్డార్ వచ్చి భారత పన్నుల విధానం మీద నివేదిక ఇచ్చాడు. ఆదాయపు పన్ను గరిష్ఠ రేటును 45 శాతానికి దించండి, దానికి బదులు సంపద మీద, మూలధన లాభాల మీద, బహుమతుల మీద, ఖర్చు మీద పన్నులు వేయండి అన్నది అందులోని సారం. ఒకచోట దాచింది ఇంకోచోట బయటపడుతుందన్నది ఆయన లెక్క. ప్రభుత్వం కొత్త పన్నులన్నీ తెచ్చుకుంది, పాత రేటును మాత్రం ఆ మేరకు దించలేదు. తర్వాత పెంచుకుంటూ పోయింది. 1973-74 నాటికి గరిష్ఠ రేటు సర్‌చార్జితో కలిపి 97.75 శాతం. వంద సంపాదిస్తే రెండు రూపాయల పావలా మిగిలే చోట నిజం చెప్పేదెవరు? ప్రత్యక్ష పన్నుల మీద వేసిన వాంఛూ కమిటీ 1971లోనే ఆ మాట చెప్పింది. నల్లధనం మన వ్యవస్థలో అంతగా పాతుకుపోవడానికి ఆ రేట్లు ఒక ముఖ్య కారణం. రేటు పెంచమని నినదించే వామపక్ష మిత్రులు ఆ దశకాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

కాల్డార్ చెప్పిన పన్నుల్లో ఒక్కటీ సరిగా బతకలేదు. ఖర్చు మీద పన్ను అరవైల్లోనే రెండోసారి కూడా ఎత్తేశారు. గిఫ్ట్ టాక్స్ 1998 దాకా సాగింది. సంపద పన్ను చావు మాత్రం కాస్త వివరంగా చూడాల్సిందే. ఎందుకంటే ఇవాళ దాన్ని మళ్లీ తేవాలనేవారికి ‘అది విఫలమైంది కదా’ అన్న జవాబే వస్తోంది. అది విఫలమయ్యేలా మలిచారు. 1993 నుంచి షేర్లు, బ్యాంకు డిపాజిట్ల లాంటివి ‘ఉత్పాదక’ ఆస్తులంటూ దాని పరిధిలోంచి తీసేశారు. మిగిలినవి నగలు, కార్లు, రెండో ఇల్లు, పట్టణంలో ఖాళీ స్థలం లాంటివి. వేల కోట్ల షేర్లున్న ప్రమోటరు వాటి మీద రూపాయి కట్టక్కర్లేదు. బంజారాహిల్స్‌లో ఖాళీ ప్లాటు, లాకరులో నగలు ఉన్న విశ్రాంత డాక్టరు మాత్రం నోటీసు అందుకోవచ్చు. అలాంటి పన్ను 2013-14లో దేశమంతా కలిపి తెచ్చింది వెయ్యి కోట్ల పైచిలుకు. 2015లో ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ దాన్ని రద్దు చేసి, కోటి దాటిన ఆదాయాల మీద 2 శాతం అదనపు సర్‌చార్జి వేశారు. దానివల్ల 9,000 కోట్లు వస్తాయన్నారు. వినడానికి మంచి బేరమే.

ఆ బేరంలో నష్టపోయింది రాష్ట్రాలు. ఈ విషయం మన రెండు రాష్ట్రాల్లోనూ చర్చకు రాకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాలకు వాటా ఉంటుంది. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి దాన్ని 41 శాతంగా నిర్ణయించింది. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 4.047, తెలంగాణకు 2.102 శాతం కేటాయించింది. అయితే సెస్సులు, సర్‌చార్జీలు ఆ పంపిణీలోకే రావు. రాజ్యాంగంలోని 270, 271 అధికరణాలు వాటిని పక్కన పెట్టాయి. సంపద పన్ను పంచుకోవాల్సిన పన్ను. దాని స్థానంలో వచ్చిన సర్‌చార్జి పూర్తిగా ఢిల్లీది. మనం మొదట చెప్పుకున్న ఆరు కోట్ల ఉద్యోగిని కట్టే పన్నులో నాలుగో వంతు దాకా ఈ రెండు పద్దుల్లోకే పోతుంది. ఆ నాలుగో వంతులో ఆమె నివసించే రాష్ట్రానికి దక్కేది సున్నా. ‘ధనవంతుల మీద పన్ను పెంచాం’ అని కేంద్రం చెప్పినప్పుడు అది ఎక్కువగా సర్‌చార్జి రూపంలోనే వస్తోందంటే అందులో కాకతాళీయం ఏమీ లేదు.

వారసత్వం మీద పన్ను కథ ఇంకా విచిత్రం. 1953లో ఎస్టేట్ డ్యూటీ చట్టం వచ్చింది. చనిపోయినవారి ఆస్తి వారసులకు వెళ్లేటప్పుడు వసూలు చేసే పన్ను. రేట్లు 85 శాతం దాకా వెళ్లాయి, రాబడి మాత్రం నామమాత్రం. వసూలు ఖర్చుకు తగిన ఫలం లేదంటూ 1985లో అప్పటి ఆర్థిక మంత్రి వి.పి.సింగ్ ఎత్తేశారు. అప్పటి రాజ్యాంగ నిబంధన ప్రకారం, వ్యవసాయ భూమి కాని ఆస్తి మీద వచ్చే ఆ డ్యూటీ నికర రాబడి రాష్ట్రాలకే చెందాలి. వసూలు చేసే శ్రమ ఒకరిది, డబ్బు ఇంకొకరిది. కేంద్రానికి ఆ పన్నును బతికించుకోవాలన్న తపన లేకపోవడానికి ఇదీ ఒక కారణమై ఉంటుందని నా అనుమానం.

2024 ఏప్రిల్‌లో కాంగ్రెస్ నేత శామ్ పిట్రోడా అమెరికాలోని వారసత్వ పన్ను గురించి ఒక మాట అన్నందుకు ఎన్నికల ప్రచారమంతా అట్టుడికింది. ‘మీ అమ్మ నగలు లాక్కుంటారు’ అనే స్థాయికి చర్చ దిగిపోయింది. కాంగ్రెస్ వెంటనే అది తమ విధానం కాదని చేతులు దులుపుకుంది. అంటే దేశంలోని రెండు పెద్ద పార్టీల మధ్య ఈ విషయంలో పూర్తి ఏకాభిప్రాయం ఉంది. దక్షిణ కొరియాలో గరిష్ఠ వారసత్వ పన్ను 50 శాతం. శామ్‌సంగ్ అధిపతి లీ కున్-హీ చనిపోయాక ఆయన కుటుంబం 12 లక్షల కోట్ల వాన్‌లకు పైగా కడతామని 2021లో ప్రకటించింది, అదీ ఐదేళ్ల వాయిదాల్లో. శామ్‌సంగ్ మూతపడలేదు. మన దగ్గర యాభై కోట్లో వంద కోట్లో హద్దు పెట్టి, ఆపైన ఉన్నదానికే పదో పదిహేనో శాతం వేసి, వాయిదాల్లో కట్టనిస్తే అమ్మ నగలకూ మేనత్త పొలానికీ వచ్చిన ముప్పేమీ లేదు.

డబ్బున్నవాళ్లు దుబాయ్ వెళ్లిపోతారన్నది తరచూ వినే భయం. కొందరు వెళతారు. నార్వేలో సంపద పన్ను పెంచినప్పుడు కొందరు స్విట్జర్లాండ్‌కు మకాం మార్చిన మాట నిజం. కానీ మన దగ్గర, ముఖ్యంగా తెలుగు రాష్ట్రాల్లో, సంపదలో సింహభాగం భూమి. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలంలో కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం 100.75 కోట్లు పలికింది. ఆ ఎకరం విమానం ఎక్కదు. అది అంత పలికింది కూడా యజమాని చెమట వల్ల కాదు. ఔటర్ రింగ్ రోడ్డు, మంచినీటి లైన్లు, పక్కనే వచ్చిన ఐటీ ఆఫీసులు కలిసి పెంచిన ధర అది. వాటిలో చాలావాటికి డబ్బు పెట్టింది ప్రజలు. అక్కడ ప్రభుత్వమే అమ్మింది కాబట్టి పెరిగిన విలువ ఖజానాకు చేరింది. అదే రోడ్డు వల్ల చుట్టుపక్కల ప్రైవేటు భూముల్లో పెరిగిన విలువ సంగతేమిటి?

దానికి ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు. వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకే ఇచ్చింది. వ్యవసాయ భూమి వారసత్వం మీద కూడా అంతే. 1972లో కె.ఎన్.రాజ్ కమిటీ పెద్ద కమతాల మీద పన్నుకు ఒక పద్ధతి సూచించింది. ఏ రాష్ట్రం ముట్టుకోలేదు. రెండెకరాల రైతు పేరు చెప్పి రెండు వందల ఎకరాల ఆసామి తప్పుకోవడం మనకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1973 భూసంస్కరణల చట్టం తరి 27 ఎకరాలు, మెట్ట 54 ఎకరాలు గరిష్ఠ పరిమితి పెడితే, పాలేళ్ల పేర్లూ పుట్టని పిల్లల పేర్లూ భూమి రికార్డులకు ఎక్కాయి. 2018లో తెలంగాణ రైతుబంధు మొదలుపెట్టినప్పుడు అసలు పరిమితే పెట్టలేదు. ఎన్ని ఎకరాలుంటే అంత డబ్బు. పన్ను వేయాల్సినవాడికి ఎదురు కట్నం ఇచ్చినట్టయింది. ఇక రిజిస్ట్రేషన్ కార్యాలయంలో కాగితం మీద ఒక ధర, కవరులో ఇంకో ధర ఉన్నంతకాలం ఏ పన్నయినా సగమే వసూలవుతుంది. ప్రభుత్వ విలువను ఏటా మార్కెట్‌కు దగ్గరగా సవరించడం, పట్టణాల్లో ఖాళీ స్థలాల పన్నును నిజంగా వసూలు చేయడం ఏ కేంద్ర చట్టమూ అక్కర్లేని పనులు.

వీటిలో ఏదీ చేయకపోతే రాష్ట్రాలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? మద్యం, పెట్రోలు జీఎస్టీ బయట ఉన్నాయి. వాటి మీద పన్ను రాష్ట్రాలు తమ ఇష్టం వచ్చినట్టు వేసుకోవచ్చు, వేస్తున్నాయి. సాయంత్రం పని దిగిన కూలి కొనే క్వార్టర్ సీసా ధరలో పెద్ద వాటా ఖజానాది. అతను తన రోజు సంపాదనలో ఎంత శాతం పన్ను కింద కట్టాడో లెక్క వేస్తే, షేర్లు అమ్మిన మన రెండో ఆయన 14.95 శాతాన్ని దాటడం కష్టమేమీ కాదు. భూమి అమ్మిన మూడో ఆయనతో పోలికే లేదు. వచ్చే బడ్జెట్ ముందు మన ఎంపీలు అడగాల్సినవి రెండున్నాయి: షేర్ల లాభానికి సర్‌చార్జి మీద ఉన్న 15 శాతం పరిమితి ఎందుకు, వసూలైన సర్‌చార్జిలో రాష్ట్రాల వాటా ఏది? మూడోది, భూమి సంగతి, అడగాల్సింది హైదరాబాద్‌నూ అమరావతినీ.